బొందలగడ్డ తవ్వకానికి పోతున్న మేనకోడలికి

బిడ్డా,

ఇంగ్లండ్‌ల ఏదో ఊరి పొలంల 7వ శతాబ్దం నాటి బొందలగడ్డ తవ్వుతుంటే నిన్ను తీసుకున్నరని అక్క నిన్న రాత్రి ఫోన్ జేసి చెప్పింది, శవాలు తవ్వుడేందిరా ఆడపిల్ల అని ఏడ్చింది గూడ. నాకైతే ఛాతీ ఉబ్బింది. కానీ నిద్ర పట్టలే, అందుకే రాస్తున్న.

టెటనస్ ఇంజెక్షన్ వేయించుకో. గుంత అంచు మీద కూసోకు. అక్కడ మనిషి బొక్కలు కదిలియ్యాలంటే వాళ్ల న్యాయశాఖ లైసెన్సు ఉండాలె, ఉందా అని అడుగు, కొత్తదాన్ని అని మొహమాటపడకు. బొక్క కనబడంగనే దాని వెంట పోకు, ముందు మట్టి రంగు మారిన గీత పట్టుకో, సమాధి అంచు అదే. గుంతకు ఒక నంబరు, నింపిన మట్టికి ఒకటి, అస్థిపంజరానికి ఒకటి. చిన్న కత్తి దొరికితే తుప్పు గీకకు, ఒక్కోసారి ఆ తుప్పులనే వాళ్లు కట్టుకున్న బట్ట నేత అచ్చుపడి ఉంటది.

ఇప్పుడు చెప్పేది మాత్రం మంచిగ విను. మేం నల్లగొండ దిక్కు రాకాసి గుళ్లు, అంటే పాతకాలపు రాళ్ల సమాధులు, తవ్వేటప్పుడు ఒకనాడు పొద్దుమీకి మబ్బు పట్టింది, ట్రెంచ్ చూసే సీనియర్ ఒకాయనకు ఆ రాళ్లపెట్టె ఆ పూటనే ఖాళీ జేయాలని తొందర. పెద్ద మనిషి తొడబొక్కల నడుమ అగ్గిపుల్లల లెక్క సన్నయి వచ్చినయి. పిట్టవో ఎలుకవో అని మట్టితోని తట్టల ఎత్తించి కుప్ప మీద పోయించిండు. తట్ట మోసే ఒకామె ఆగి, ఇవి పసిబిడ్డవి సారూ అన్నది. ఆమె తన ఇద్దరు బిడ్డలను మట్టిల పెట్టుకున్న మనిషి. ఆయన వినలే. తెల్లారి కుప్ప జల్లెడ పడితే వేర్లు ఇంకా రాని పాలపండ్లు దొరికినయి. బిడ్డనే. కానీ కడుపుల ఉండెనా, పక్కన పండుకోబెట్టిండ్రా, ఎప్పుడో తర్వాత తెచ్చి పెట్టిండ్రా, ఆ తల్లి కాన్పుల పోయిందా, ఇగ ఎవ్వరు చెప్పలేరు. రిపోర్టుల ఒక్క లైన్ వచ్చింది, "చిన్న ఎముకలు, స్థానం తెలియదు" అని. ఆ లైన్ చూస్తే ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది నాకు.

పుట్టిన పిల్లల బొక్కల కొనలు ఇంకా మెత్తగనే ఉంటయి, మట్టిల అవి మిగలవు, అందుకే అవి మనిషివి లెక్క కనబడవు. నడుంబొక్క లోపలి మట్టి వేరే సంచిల వేసి నంబరు రాయి, అది ఆడమనిషి అయినా మగమనిషి అయినా సరే, కడుపుల రాళ్లు గూడ అక్కడనే దొరుకుతయి. చేతుల దగ్గర, పాదాల దగ్గర మట్టి గూడ జల్లెడ పట్టు, 206 బొక్కలల్ల 106 అక్కడనే ఉంటయి, ముందు పోయేటివి అవ్వే. చీకటి పడుతుంటే సగం తీయకు, ఇన్‌చార్జిని పిలిచి అడుగు, కోప్పడితే పడనీ.

కొన్ని నేలలల్ల బొక్కలే ఉండవు. 1939ల ఇంగ్లండ్‌లనే సట్టన్ హూ అనే చోట పడవ సమాధి తవ్వితే మనిషి కనబడలే, ఆ ఇసుకల ఆమ్లం తినేసింది. నీ గుంత గట్ల ఉంటే దిగులు పడకు, మట్టిల మిగిలిన మరక గూడ మనిషే, దాన్ని గూడ గీయి, ఫోటో తీయి. ఆ ఫోటో మాత్రం స్టేటస్‌ల పెట్టకు. పెట్టినవంటే నేను ఫోన్ ఎత్త. నీకు అంత తెలివిలేదని కాదు బిడ్డా, అందరు పెడుతున్నరని చెప్తున్న.

పోయేముందు ఒక ఆదివారం తార్నాకకు రా, హష్మత్‌పేట పోదాం, మన ఊరి సమాధి రాళ్లు చూసి పో.

అక్క ముచ్చట నాకు ఇడిసిపెట్టు. మా అమ్మ పోయినప్పుడు దగ్గరకు పోనీకె నాకు ధైర్యం చాలలే, తానం పోసి చీర కట్టింది మీ అమ్మనే. అది యాది చేస్త, ఒప్పుకుంటది. టికెట్‌కు పైసలు తక్కువైతే నాకే చెప్పు, మీ నాయినకు చెప్పకు.

మీ మామ