సాలెపురుగు పురుగేనా?

ప్రశ్న: సాలీడు కీటకం కాదని ఆరో తరగతిలో చెప్పాను. “అయితే సాలెపురుగు అనడం తప్పా టీచర్?” అని ఓ పాప అడిగింది. ఏం చెప్పాలి? కీటకాలు, సాలీళ్లు, రొయ్యల వంటి వాటన్నిటినీ కలిపి పిలిచే ‘సంధిపాదులు’ అనే మాటలోని సంధి, వ్యాకరణంలోని సంధి ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

సమాధానం: తప్పు కాదని ఆ పాపకు ధైర్యంగా చెప్పండమ్మా. ఎంత మంచి ప్రశ్న వేసింది!

పురుగు తెలుగువాళ్ల సొంత మాట. దాని పరిధి చాలా పెద్దది. బియ్యంలో తిరిగేదీ పురుగే, వంకాయను తొలిచేదీ పురుగే. మీ వైపు పల్లెల్లో పాము కరిస్తే, దాని పేరెత్తకుండా “పురుగు ముట్టింది” అంటారు. ఇంత మాటను ఆరు కాళ్లకు కట్టిపడేయలేం.

కీటకం సంగతి వేరు. ఇప్పుడది శాస్త్రం హద్దులు గీసుకున్న మాట. తల, రొమ్ము, పొట్ట విడివిడిగా ఉండాలి. రొమ్ముకు ఆరు కాళ్లు, తలకు ఒక జత మీసాలు ఉండాలి. సాలీడుకు తలా రొమ్మూ కలిసే ఉంటాయి, కాళ్లు ఎనిమిది, మీసాలు లేనే లేవు. కాబట్టి ‘సాలెపురుగు’ ఒప్పు, ‘సాలీడు అనే కీటకం’ తప్పు. పురుగును, కీటకాన్ని పర్యాయపదాలుగా వాడటం దగ్గరే చిక్కంతా వస్తోంది.

సాలె అంటే నేతపనివాడు. సంస్కృతంలో ఈ జీవి ఊర్ణనాభం, అంటే బొడ్డులో ఉన్ని ఉన్నది. దారం వచ్చేది నిజానికి పొట్ట చివరి నుంచి. అయినా అది నోటి నుంచి రాదని కనిపెట్టిన చూపు ఆ పేరులో ఉంది. శ్రీకాళహస్తిలో ‘శ్రీ’ కూడా సాలెపురుగే.

మాటల తేడా మీ మిరప రైతులకు బాగా తెలుసు. ప్రత్తిపాడు దగ్గర ఒక చేలో ఓ రైతు రెండు ఆకులు కోసి నా చేతిలో పెట్టాడు. ఒకదాని అంచులు పైకి లేచి దోనెలా ఉంది. “ఇది పైముడత, తామరపురుగు” అన్నాడు. రెండోది బోర్లించిన దోనె. “కిందిముడత, ఇది నల్లి.” ఒకదాన్ని పురుగు అన్నాడు, రెండోదాన్ని అనలేదు! తామరపురుగు ఆరు కాళ్ల కీటకం. మిరప నల్లి ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టం. చాలా పురుగుమందులకు నల్లి లొంగదు, అందుకే నల్లిమందు వేరుగా అడుగుతారు. మంచంలో కుట్టే నల్లి మాత్రం కీటకమే. పేరొకటైనా కాళ్లు లెక్కపెట్టక తప్పదు.

జెర్రిని శతపాది అంటాం గానీ, పెరిగిన జెర్రికి కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. కచ్చితంగా 50 జతలు, అంటే నూరు కాళ్లు, ఉండే వీల్లేదు. సహస్రపాది అని పిలిచే రోకలిబండలో మాత్రం వెయ్యి కాళ్లు దాటిన జాతి ఒకటి 2021లో వెల్లడైంది. ఆస్ట్రేలియాలో దొరికిన దానికి 1,306 కాళ్లు.

ఇక సంధి. రెండుచోట్లా ఒకటే మాట, కూడిక అని అర్థం. వ్యాకరణంలో వర్ణాలు కలుస్తాయి, ఒంట్లో ఎముకలు కలుస్తాయి, యుద్ధం ఆగితే రాజులు కలుస్తారు. సంధిపాదులకు శాస్త్రంలో ఉన్న ఆర్థ్రోపోడా అన్న గ్రీకు పేరులో ఉన్నవీ కీలు, కాలే. పిల్లలకు ముందు ‘కీళ్లకాళ్ల జీవులు’ అనండి, సంధిపాదులు తర్వాత చెప్పవచ్చు. వీలైతే బజారు నుంచి ఒక పచ్చి రొయ్యను తెచ్చి, కాలును మెల్లగా వంచి చూపండి. గట్టి గొట్టం లాంటి ముక్కలు, మధ్యమధ్య పలచని మెత్తని పొర. కాలు వంగేది ఆ పొర దగ్గరే, సంధి అదే.