బెరెట్ ఎక్కడి టోపీ?

ప్రశ్న: మా అబ్బాయి ఎన్‌సీసీలో ఇచ్చిన బెరెట్‌ను నీళ్లలో తడిపి, తలకు పెట్టుకునే ఆరబెట్టుకుంటున్నాడు. అంచు లేని ఈ టోపీ సైనికులకు ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చేస్తున్నది సరైన పనే, తడిసిన ఉన్ని ఆరేటప్పుడు తల ఆకారానికి కుదురుకుంటుంది. ఫ్రాన్స్, స్పెయిన్‌ల నడుమనున్న పిరనీస్ కొండల్లో గొర్రెల కాపరులు, వదులుగా అల్లిన ఉన్ని టోపీని నీళ్లలో నానబెట్టి దంచేవారు. అప్పుడది కుంచించుకుపోయి, పోగులు పెనవేసుకుని, చిరుజల్లుకు తడవని దళసరి గుడ్డగా మారేది. పాతకాలపు బెరెట్ నడినెత్తిన కనిపించే బుల్లి తోక, అల్లిక ముగిసిన చోటికి గుర్తు.

ఫ్రెంచి పర్వత దళాలు 1889లో దీన్ని స్వీకరించాయి. బ్రిటిష్ ట్యాంకు దళం 1924లో నల్ల బెరెట్‌ను ఎంచుకోవడానికి కారణం మరీ ఇంటి విషయంలా ఉంటుంది: నలుపు మీద నూనె మరక కనిపించదు, ఇరుకు ట్యాంకులో అంచు అడ్డురాదు. మన పారాచూట్ దళానిది మెరూన్ రంగు.

విచిత్రమేమిటంటే, క్రమశిక్షణకు గుర్తైన ఈ టోపీయే, 1960లో ఆల్బెర్టో కోర్డా తీసిన చే గువేరా ఛాయాచిత్రంతో తిరుగుబాటుకూ గుర్తయింది.