రాడార్ వైపు వెళ్లాలంటే కోడింగ్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ రెండో సంవత్సరం. క్షిపణులను వేల కిలోమీటర్ల దూరం నుంచే పసిగట్టే రాడార్ల మీద పనిచేస్తానంటోంది. చుట్టాలంతా సాఫ్ట్‌వేరే నయమంటున్నారు. ఎటూ కాకుండా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కోడింగ్ మానాల్సిన పని లేదమ్మా. అది రాకపోతే ఈ రంగంలో కష్టం.

అమ్మాయి చెప్పేలాంటి రాడార్లలో చాలావరకు ఫేజ్డ్ అర్రే రాడార్లు, అంటే చిన్న చిన్న యాంటెన్నాలెన్నో కలిసి ఒక్కటిగా పనిచేసేవి. వీటిలో రేడియో కిరణాన్ని మళ్లించడానికి యాంటెన్నాను తిప్పక్కర్లేదు. అమెరికాలో కేప్ కాడ్ దగ్గరున్న పేవ్ పాస్ రాడార్‌లో భవనం గోడే యాంటెన్నా. అలాంటి రెండు గోడల్లో ఒక్కోదానికి 1,792 చిన్న యాంటెన్నాలు పనిచేసేలా కట్టారు. ఒక్కోదాని సిగ్నల్ ఫేజ్‌ను, అంటే తరంగం ఏ దశలో ఉందన్నదాన్ని, కొద్దికొద్దిగా మారిస్తే కిరణం కావలసిన వైపు మళ్లుతుంది. ఎప్పుడు ఎటు మళ్లాలో నిర్ణయించేది కంప్యూటర్.

అసలు కష్టం తిరిగొచ్చిన ప్రతిధ్వని దేనిదో తేల్చడంలో ఉంది. 1960 అక్టోబర్ 5న గ్రీన్‌ల్యాండ్‌లోని థూలే రాడార్ క్షిపణి దాడి జరుగుతోందని హెచ్చరించింది. తీరా చూస్తే అది ఉదయిస్తున్న చంద్రుడి నుంచి వచ్చిన ప్రతిధ్వని! అది ఫేజ్డ్ అర్రే కాదు గానీ, ఆ చిక్కు ఏ రాడార్‌కైనా ఉన్నదే. అందుకే ప్రాబబిలిటీ, రాండమ్ ప్రాసెసెస్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మీద గట్టి పట్టు ఉండాలి. మన పిల్లలు వీటిని పాస్ మార్కుల కోసం చదివి వదిలేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. లీనియర్ ఆల్జీబ్రా, యాంటెన్నాలు కూడా ముఖ్యమే. నేర్చుకున్నదాన్ని పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో తనే ప్రోగ్రామ్‌గా రాసి చూడాలి.

తిరుపతికి దగ్గర్లో గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఫేజ్డ్ అర్రే రాడార్ ఉంది, 1,024 యాంటెన్నాలతో. అక్కడ ప్రాజెక్టుకు అవకాశం ఉంటుందేమో కాలేజీ ద్వారా అడిగించండి.

మన దేశంలో సైనిక రాడార్లను ప్రధానంగా రూపొందించేది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు బెంగళూరులో ఉన్న ల్యాబ్ ఎల్‌ఆర్‌డీఈ. తయారీలో పెద్ద సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్). డీఆర్‌డీఓలో సైంటిస్ట్ 'బి' ఉద్యోగాల ఎంపికలో గేట్ పరీక్ష స్కోరు చూస్తారు కాబట్టి దానికి చదవడం మూడో సంవత్సరం నుంచే మొదలుపెట్టాలి. ఎంటెక్ చేయాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీలో రాడార్, మైక్రోవేవ్ స్పెషలైజేషన్ ఉంది. అమెరికాలో ఎంఎస్ చేసి ఇదే పనిలో చేరాలనుకుంటే మాత్రం, అక్కడి రక్షణ ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా పౌరసత్వం అడుగుతారని ముందే చెప్పండి.

ఒకవేళ డీఆర్‌డీఓలో రాకపోయినా చదివింది వృథా కాదు. 5జీ టవర్ల యాంటెన్నాలు, కార్లలో పెట్టే రాడార్లు నడిచేది ఇదే లెక్కల మీద. ఈ సెమిస్టర్‌లో అమ్మాయికి సిగ్నల్స్ ఎలా వస్తోందో ఒకసారి కనుక్కోండి, అక్కడ తడబడుతుంటే ముందు అది సరిచేయించండి.