పెద్ద బోర్ రైఫిల్‌తో వరుసగా కాల్చేటప్పుడు బ్యారెల్ వేడిని ఎలా అదుపులో ఉంచుకోవాలి?

మీరు సిరొంచ నుంచి వచ్చి 7.62 టార్గెట్ రైఫిల్‌తో 300 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేస్తున్నారనీ, పది పన్నెండు తూటాల తరువాత గ్రూపు (టార్గెట్ మీద దెబ్బలు పడే గుంపు) క్రమంగా పైకీ కుడివైపుకీ జరుగుతోందనీ, బ్యారెల్ మీద చెయ్యి నిలవడం లేదనీ రాశారు. ఎంతసేపు ఆగాలి, తడిగుడ్డ చుట్టవచ్చా అని అడిగారు. నేను సాయుధ దళంలో ఆయుధాలు మరమ్మతు చేసే ఆర్మరర్‌గా పనిచేసి, రిటైరైన తరువాత బల్లార్షాలో స్థిరపడ్డాను. ఇక్కడి కుర్రవాళ్ల రైఫిళ్లు ఇప్పటికీ చూసిపెడుతుంటాను. ఆ అనుభవంతో చెప్పగలిగేదేమిటంటే, బ్యారెల్‌ను చల్లగా ఉంచాలని తాపత్రయపడటం కన్నా, మొదటి తూటా నుంచి చివరి తూటా దాకా ఇంచుమించు ఒకే వెచ్చదనంలో ఉండేలా చూసుకోవడం మేలు.

7.62 తూటాలో దాదాపు మూడు గ్రాముల తుపాకిమందు ఉంటుంది. అది కాలినప్పుడు పుట్టే శక్తిలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే గుండుకు అందుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం వేడి వాయువులతో మూతి నుంచి బయటికి పోగా, చెప్పుకోదగ్గంత వేడిని బ్యారెల్ ఉక్కు పీల్చుకుంటుంది. రెండు కిలోల పైచిలుకు బరువుండే బ్యారెల్‌కు ఒక్కొక్క తూటాతో సగటున రెండు మూడు డిగ్రీలు పెరుగుతాయని లెక్క కట్టవచ్చు కాబట్టి, ఇరవై తూటాలు గబగబా కాల్చితే ఏభై డిగ్రీల దాకా పెరగడంలో వింత లేదు. ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినవారికి ఇదంతా కొత్తగా అనిపిస్తుంది. ఆ తూటాలో మందు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక అక్కడ ఈ బెడదే లేదు.

ఇక మన ప్రాంతపు ఎండ సంగతి. వేడి వస్తువు చల్లబడే వేగం దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. డిసెంబరు ఉదయం గాలి 15 డిగ్రీలుంటే 70 డిగ్రీల బ్యారెల్‌కు 55 డిగ్రీల తేడా దొరుకుతుంది. చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల గాలిలో ఆ తేడా 25 మాత్రమే. అంటే సగానికన్నా తక్కువ వేగంతో చల్లబడుతుంది, ఎంతసేపు ఆగినా 45 కన్నా కిందికి దిగదు. చలి దేశాల షూటర్లు చెప్పే 'ఐదు నిమిషాల విరామం' ఇక్కడ ఎందుకు సరిపోదో దీన్నిబట్టే తెలుస్తుంది. నల్లటి బ్యారెల్‌ను ఎండలో పెడితే ఒక్క తూటా కాల్చకముందే చురుక్కుమంటుంది. వేసవిలో సాధనను తెల్లవారుజామునే మొదలుపెట్టి, తొమ్మిది దాటకముందే ముగించుకోండి.

అయితే గ్రూపు జరగడానికి బ్యారెల్ ఒక్కటే కారణమని అప్పుడే తేల్చకండి. తూటాల డబ్బా ఎండలో ఉంటే మందు వేడెక్కి గుండు వేగం పెరుగుతుంది, దెబ్బ పైకి పోతుంది. బ్యారెల్ మీద నుంచి లేచే వేడి గాలి సైట్ల మధ్య కదలాడినా టార్గెట్ ఉన్నచోట ఉన్నట్టు కనిపించదు. దీనికి బ్యారెల్ పొడవునా పైన సాగదీసి కట్టే గుడ్డ పట్టీ చాలు. తూటాలను నీడలో ఉంచి, పట్టీ కట్టి, రెండు తూటాలకు మధ్య రెండు మూడు నిమిషాలు ఆగుతూ ఒక గ్రూపు కాల్చి చూడండి. అప్పుడు జరగకుండా, వేగం పెంచగానే మళ్లీ జరిగితే దోషం బ్యారెల్‌దో, రైఫిల్ భాగాలను పట్టి ఉంచే దిమ్మె అయిన స్టాక్‌లో దాని అమరికదో అనుకోవచ్చు.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నాకు ఎక్కువ అనుమానం అమరిక మీదే. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 65 సెంటీమీటర్ల బ్యారెల్ 60 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు పొడుగవుతుంది. పొడుగవడం వల్ల నష్టం లేదు. స్టాక్ ఒక పక్క తగులుతూ ఉంటే మాత్రం బ్యారెల్ రెండో వైపుకు వంగుతుంది, మూతి దగ్గర మిల్లీమీటరులో పదో వంతు తొలగినా 300 మీటర్ల దూరంలో అది నాలుగున్నర సెంటీమీటర్లకు పైబడుతుంది. టార్గెట్‌లో పది పాయింట్లు ఇచ్చే వలయం వ్యాసమే పది సెంటీమీటర్లు. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఒక కాగితాన్ని చాంబర్ (తూటా కూర్చునే గది) దాకా జరపండి, అది ఎక్కడ పట్టుకుంటే అక్కడ స్టాక్ తగులుతున్నట్టు. బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. కర్ర స్టాక్ అయితే వానాకాలంలో ఉబ్బుతుంది కాబట్టి ఆగస్టులో ఇంకోసారి చూడాలి. పాత .303 రైఫిళ్లలో కర్ర బ్యారెల్‌ను కావాలనే కిందినుంచి నొక్కేలా అమర్చేవారు, కాబట్టి ఈ పరీక్ష వాటికి వర్తించదు. అంతా సరిగా ఉన్నా గ్రూపు జరుగుతుంటే ఉక్కులోనే తయారీనాటి ఒత్తిడి మిగిలి ఉండవచ్చు. దానికి రేంజిలో చేయగలిగిన చికిత్స లేదు.

మ్యాచ్‌లో అరవై తూటాలకు ఇచ్చే సమయాన్ని పూర్తిగా వాడుకోండి. సైటింగ్ తూటాలతో (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే తూటాలతో) బ్యారెల్‌ను వెచ్చబరిచి, ఆ తరువాత ప్రతి తూటాకూ ఇంచుమించు ఒకే విరామం ఇస్తే, లోపలికి చేరే వేడీ బయటికి పోయే వేడీ ఒక దశలో సమానమవుతాయి. గాలి అనుకూలించడం కోసం ఆగవలసి వస్తే ఆగండి గానీ, తరువాత ఆ సమయం పూడ్చడానికి వరుసగా పది కాల్చకండి. విరామంలో చాంబర్‌ను మూసే బోల్ట్‌ను తెరిచి, రేంజి నియమాలు అనుమతిస్తే మూతి పైకి పెట్టి నిలబెడితే, వేడి గాలి పైకి పోతూ కిందినుంచి కొత్త గాలిని లాగుతుంది. బ్యాటరీ ఫ్యాన్ ఉంటే చాంబర్ వైపు నుంచి ఊదించండి.

తడిగుడ్డ సాధనలో బయటివైపు వేసుకోవచ్చు, కానీ బొట్టు కూడా లోపలికి పోకూడదు. బ్యారెల్ లోపలి నాళంలో నీరు నిలిస్తే గుండుకు అడ్డంకి అవుతుంది, బ్యారెల్ ఉబ్బే ప్రమాదం ఉంటుంది. పాత వికర్స్ మెషిన్‌గన్ చుట్టూ నాలుగు లీటర్ల నీటి తొడుగు ఉండేది, అయితే ఆ నీరు నాళంలోకి చేరదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది ఇది. వేడి చాంబర్‌లో తూటా పెట్టి గాలి కోసం ఎదురుచూడవద్దు. కొద్దిసేపటికే మందు వేడెక్కి దెబ్బ పైకి పోతుంది, చాంబర్ విపరీతంగా కాలి ఉంటే ట్రిగ్గర్ తాకకుండానే తూటా పేలవచ్చు. బ్రెన్ ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్‌గన్) బోల్ట్ వెనక్కి నిలిచే ఏర్పాటుతో ఉండటంవల్ల కాల్పులు ఆగినప్పుడు చాంబర్ ఖాళీగా ఉండేది, అదనపు బ్యారెల్ కూడా వెంట ఇచ్చేవారు. మీ చేతిలోని రైఫిల్‌కు ఆ రెండు సదుపాయాలూ లేవు కాబట్టి, తూటా పెట్టాక గాలి మారితే తీసి పక్కన నీడలో ఉంచి, బోల్ట్ తెరిచే ఎదురుచూడండి.

కాగితం పరీక్షలో ఎక్కడ పట్టుకుందో, స్టాక్ కర్రదో మరొకటో రాస్తే, స్టాక్‌ను ఎంతవరకు తీయించాలో చెప్పగలను. అప్పటిదాకా మీరు సొంతంగా ఆకురాయి పట్టవద్దు.