అబ్బాయి వదిలేసి వెళ్లిన గేమ్ సీడీలు అమ్మవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అబ్బాయి ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లాడు. ఇల్లు మారుతుంటే వాడి కంప్యూటర్ గేములు అట్టపెట్టె నిండా బయటపడ్డాయి. కొన్ని షాపులో కొన్న ఒరిజినల్ డీవీడీలు, కొన్ని మార్కర్‌తో పేర్లు రాసిన కాపీలు. ఇంటర్నెట్‌లో గేములు అమ్మే స్టీమ్ అనే దాంట్లో వాడికి అకౌంట్ ఉంది, అందులోనూ బోలెడు ఉన్నాయట. మా వీధి నెట్ సెంటర్ అతను అన్నీ గంపగుత్తగా కొంటానంటున్నాడు. మా మరిదేమో పైరసీ కేసవుతుందని భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అబ్బాయిని అడగండమ్మా. డబ్బు మీరే ఇచ్చినా, వాడికని కొనిపెట్టాక అవి వాడి వస్తువులే. ‘అమ్మేయండి’ అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టించుకుంటే చాలు.

గంపగుత్త బేరం మాత్రం వద్దు. ఆ పెట్టెలో ఉన్నవన్నీ చట్టం దృష్టిలో ఒకటి కావు.

ఒరిజినల్ డిస్కులతో చిక్కు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీలను అమ్మే హక్కు దాని హక్కుదారుదే, అంటే గేమ్ కంపెనీదే. ఒకసారి అమ్ముడైన కాపీకి కూడా ఆ హక్కు వర్తిస్తుందనే మాటలు 1994 సవరణతో వచ్చాయి. 1999లో వాటిని తీసేశారు. కాబట్టి బిల్లు పెట్టి కొన్న డిస్కును సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చనే నా అభిప్రాయం. అయితే అమ్మాక ఆ గేమ్ మీ కంప్యూటర్లో ఉండకూడదు. డిస్కు పాడైతే పనికొస్తుందని బ్యాకప్ తీసుకునే వెసులుబాటు సెక్షన్ 52 ఇచ్చింది గానీ, అది డిస్కు న్యాయంగా చేతిలో ఉన్నవాళ్లకే. అసలుది అమ్మేస్తే బ్యాకప్ కూడా చెరిపేయాలి.

ఇక్కడ చాలామంది చూడని విషయం ఒకటుంది. డబ్బా తెరిచి లోపలివైపో, మాన్యువల్ వెనకో చూడండి. స్టిక్కర్ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి కోడ్ ఉంటుంది. చాలా గేముల్లో ఆ కోడ్ ఒక అకౌంట్‌కు ఒకసారే ఎక్కుతుంది. 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2ను డబ్బాలో డిస్కుగా కొన్నవాళ్లూ స్టీమ్‌లో యాక్టివేట్ చేసుకోక తప్పలేదు. మీ అబ్బాయి వాడేసిన కోడ్‌తో డిస్కు కొన్నవాడికి మిగిలేది గుండ్రటి ప్లాస్టిక్కే. ఆ సంగతి దాచి అమ్మితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం చేశారని ఫిర్యాదు చేసే అవకాశం అతనికి మీరే ఇచ్చినట్టు.

మార్కర్ రాతల కాపీలను పది రూపాయలకు కూడా అమ్మకండి. ఈ విషయంలో మీ మరిది భయం నిజమే. పైరసీ కాపీ అని తెలిసీ అమ్మితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పైగా ఇది నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఊరికే ఇచ్చేస్తాలెండి’ అంటారేమో. ఊరికే ఇస్తే మీ మీద కేసు నిలవడం కష్టమే గానీ, తెలిసి కంప్యూటర్లో వాడినవాడు సెక్షన్ 63బి కింద దొరుకుతాడు. వ్యాపారంలో వాడే నెట్ సెంటర్ అతనికైతే కనీసం వారం రోజుల జైలు. రెండు ముక్కలుగా విరిచి పారేయండి.

నెట్ సెంటర్ అతను ఒరిజినల్స్‌ను అద్దెకు ఇమ్మంటే ఒప్పుకోకండి. డబ్బు తీసుకుని అద్దెకిచ్చే హక్కు కంపెనీదే.

స్టీమ్ అకౌంట్ బేరానికి రాదు. అందులో కొన్నది గేమ్ కాదు, ఆడుకునే లైసెన్సు. అకౌంట్‌ను అమ్మకూడదని, ఇంకొకరికి బదిలీ చేయకూడదని ఒప్పందంలోనే ఉంది. పాస్‌వర్డ్ ఇచ్చి డబ్బు తీసుకుంటే కంపెనీ అకౌంట్ మూసేయవచ్చు. కొన్నవాడు మీ ఇంటికొస్తాడు. దాన్ని అబ్బాయికే వదిలేయండి, అమెరికాలో ఆడుకుంటాడు.

మిగిలిన ఒరిజినల్స్ అమ్మేటప్పుడు ఒక తెల్లకాగితం మీద గేముల పేర్లు రాసి, కోడ్ వాడేసిన వాటికి ఎదురుగా ‘కోడ్ వాడినది’ అని రాయండి. కొన్నవాడితో సంతకం పెట్టించుకుని ఫొటో తీసి ఉంచుకోండి. డబ్బు ఫోన్‌పేలో వేస్తానని పిన్ కొట్టమంటే మాత్రం కొట్టకండి, డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు.