డాబా లీకేజీ పనికి కాంట్రాక్టరును పెట్టుకునేటప్పుడు మోసపోకుండా ఏం చూసుకోవాలి?

ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, డాబా ఉరుస్తోంది, ముక్కూమొహం తెలియని కాంట్రాక్టరును ఎలా నమ్మాలి అని అడిగారు. మా నాన్నగారు సరిగ్గా ఇలాగే మోసపోయారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది కాకినాడ. 1996లో కట్టిన ఇల్లు, శ్లాబు 1,050 చదరపు అడుగులు. వానలు పడితే పడకగదిలో ఒక మూల చెమ్మ దిగేది. ఒకరోజు ఇద్దరు బండి మీద వచ్చి, పక్క వీధిలో పని చేస్తున్నాం, మెటీరియల్ మిగిలింది, ఇవాళే మొదలుపెడితే సగం రేటుకు చేసేస్తాం అన్నారట. డాబా మీద ఐదు నిమిషాలు కూడా ఉండలేదు. కిందికి దిగి "ఈ వానలకి శ్లాబు పడిపోద్దండీ" అని అమ్మను బెదరగొట్టారు. బేరం 62 వేలు. 40 వేలు అక్కడికక్కడే నగదు తీసుకున్నారు, మిగతాది రెండో రోజు సాయంత్రానికి. డాబా తెల్లగా మెరిసిపోయింది. పదేళ్ల గ్యారంటీ కార్డు కూడా ఇచ్చారు.

అక్టోబరు వానలకు అదే మూల మళ్లీ కారింది. నేను వెళ్లి చూస్తే, కాలి బొటనవేలితో రాస్తే చాలు, ఆ తెల్ల పూత ఉల్లిపొరలా లేచి వచ్చింది. కింద పాత నాచు అలాగే ఉంది. కడగకుండానే పూసేశారు. కార్డు మీది నంబరు పలకలేదు, చిరునామా అసలే లేదు.

తర్వాత మాకు తెలిసినవాళ్లు ఒక పెద్ద మేస్త్రీ గారిని పంపారు. ఆయన ముందు పైకెక్కలేదు, అమ్మను అడిగారు: వాన మొదలవగానే కారుతుందా, ఆగాక గంటలకు కారుతుందా? ఎండాకాలంలో కూడా చెమ్మ ఉంటుందా? వాన లేకపోయినా కారితే అది ట్యాంకు పైపుదో బాత్రూందో అవుతుంది, డాబాకు ఎంత పూసినా ఆగదు. తర్వాత పైకెళ్లి పిట్టగోడ అడుగున సుత్తితో మెల్లగా తడుతూ పోయారు. ఒకచోట గుల్ల చప్పుడు వచ్చింది. పిట్టగోడా శ్లాబూ కలిసేచోట సందు, దాని పక్కనే వాననీటి పైపు నోటి చుట్టూ పగులు. డాబా మొత్తానికి పని అక్కర్లేదు. ఆ అంచు చెక్కి, గోడా శ్లాబూ కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా నింపి (దీన్నే గోళా కట్టడం అంటారు), దానిమీద పూత వేయించి, పైపు నోరు సరిచేస్తే 21 వేలు అయింది.

అందుకే నా మట్టుకు నేను చూసేది ఒకటే: నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చెప్పకముందే రేటు చెప్పేవాడికి పని ఇవ్వను.

మెటీరియల్ మీరే కొనండి. బకెట్టు మీద లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. రెండుసార్లు పూత వేయడానికి లీటరు 20 చదరపు అడుగులకు వస్తుంది అనుకుంటే మా డాబాకు 52 లీటర్లు పైనే కావాలి, అంటే 20 లీటర్ల బకెట్లు మూడు. మా ఇంటికి వచ్చింది ఒక్కటి, అదీ సీలు లేనిది. కొలత కూడా టేపు పట్టి మీరే కొలవండి, చదరపు అడుగుల లెక్కలో చాలా తేడా చేస్తారు.

డబ్బు విడతలుగా ఇవ్వండి. చివరి విడత నీళ్ల పరీక్ష తర్వాతే అని కాగితం మీద ముందే రాయించుకోండి. పూత పూర్తిగా ఆరాక పైపు నోళ్లు గుడ్డతో మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, 24 నుంచి 48 గంటలు కింద గదులు చూడాలి. ఒక్క జాగ్రత్త: సీలింగు పెచ్చులు ఊడి చువ్వలు కనిపిస్తుంటే మాత్రం నీళ్లు నిలబెట్టొద్దు. రెండంగుళాల నీళ్లంటే చదరపు అడుగుకు దాదాపు 4.7 కిలోల బరువు. అలాంటి శ్లాబుకు ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. అలా పెచ్చు ఊడేది ఎక్కువగా లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బడం వల్లే, పైన పూత వేస్తే అది తగ్గదు.

నగదు అసలు ఇవ్వకండి. ఫోన్‌పే చేసినా, బ్యాంకులో వేసినా ఎదుటివాడి పేరు మిగులుతుంది. పని చెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మా దగ్గర రసీదు లేదు, పేరు లేదు, ఎవరి మీద వేయాలో తెలియక నాన్నగారు ఆ 62 వేలు వదులుకున్నారు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మౌనంగా లేచి వెళ్లిపోతారు.

ఇంకోటి, వానల్లో తొందరపడి చేయించొద్దు. ఇప్పటికి కారే చోట బకెట్టు పెట్టుకుని, వాననీటి పైపు నోట్లో ఆకులు తీయించండి. అసలు పని ఫిబ్రవరి, మార్చిలో శ్లాబు బాగా ఎండాక పెట్టుకోండి. ఈలోగా ఎవరు గేటు దగ్గరికి వచ్చి డాబా చూస్తామన్నా "మా అబ్బాయితో మాట్లాడండి" అని మీ నంబరు ఇచ్చి పంపమని అమ్మగారికి ఇవాళే చెప్పండి.