అడవిలో అంతరించిన ఎర్ర తోడేళ్లు మళ్లీ ఎలా వచ్చాయి?

కేవలం 14 తోడేళ్ల సంతతితో. అమెరికాలో ఎర్ర తోడేలు అడవిలో అంతరించిందని 1980లో ప్రకటించారు. ముందే పట్టి పెంచుతున్న వాటి సంతతిని 1987లో ఉత్తర కరోలినాలోని ఎలిగేటర్ రివర్ అభయారణ్యంలో వదిలారు. వందకు పైగా పెరిగాయి కూడా. తర్వాత తుపాకీ గుళ్లకు, కార్ల చక్రాలకు బలై వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయాయి.

నాకు బాగా ముచ్చటేసేది పిల్లల్ని కలపడం. జూలో పుట్టిన రోజుల కూనల్ని తెచ్చి, తల్లి లేని సమయం చూసి, అడవి తోడేలు గుంతలో దాని పిల్లల మధ్య పడుకోబెడతారు. తిరిగొచ్చిన తల్లి అన్నిటికీ పాలు ఇస్తుంది. వేట నేర్పేదీ అదే.

పెద్ద చిక్కు కొయోటీలతో (తోడేలుకు దగ్గరి బంధువైన, దానికన్నా చిన్న అడవి జంతువులు) సంకరం. అందుకే కొయోటీలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అక్కడే వదులుతారు. అవి తమ చోటు కాచుకుంటూ కొత్త కొయోటీలను రానివ్వవు. రాత్రిళ్లు డ్రైవర్లకు కనబడాలని తోడేళ్ల మెడకు మెరిసే నారింజ రంగు పట్టీలు కడుతున్నారు.